స్టేజి దిగని పెళ్లికూతురు

నా పెళ్లి ఫోటోల్లో నా గౌను భుజాల దగ్గర నలిగిపోయి ఉంటుంది. భుజాలకి తగిలించుకుని తిత్తి లాగుతూ వాయించే అకార్డియన్, దాని పట్టీలు చేసిన పని అది. ఎడమ భుజం మీది లేసు చిరిగి వేలాడుతూ ఉంటుంది కూడా. మా అమ్మ ఆ లేసు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మాత్రం ఆ రోజు ఎంత బాగా వాయించానో తలుచుకుని ఇప్పటికీ మురిసిపోతుంటాను. పెళ్లికూతురు తన పెళ్లికి తానే వాయించుకోవడమేమిటి, విడ్డూరం కాకపోతే, అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. మరి ఎవరు వాయిస్తారు? ఈ సముద్రపు పాయకి ఇవతల ఊరి డాన్సులకి వాయించే కేలీ బ్యాండ్ మాదొక్కటే. అవతల లాకీ మెక్‌ఫెయిల్ బ్యాండ్ ఉంది. నా పెళ్లికి లాకీ వాయించడమా? అంతకంటే పెళ్లి మానుకోవడం నయం అనుకున్నాను.

నా పేరు డోలీనా. వారమంతా స్కూలు మినీ బస్సు నడుపుతాను, శనివారాలు బ్యాండ్ నడుపుతాను. రెండు చోట్లా నా మాటే చెల్లాలి. ఊళ్లో పెళ్లయినా, కొత్త పడవ నీళ్లలోకి దిగినా, మంత్రసాని రిటైరైనా జనమంతా హాల్లో చేరతారు, మేం వాయిస్తాం, వాళ్లు డాన్సు చేస్తారు. బ్యాండ్ మా నాన్న పెట్టింది. అకార్డియన్ నాకు చిన్నప్పుడే ఇచ్చాడు, ఆయన పోయాక పెత్తనమూ నాకే వచ్చింది. డ్రమ్స్ వాయించేది బెల్లా. పొద్దున్నే ఎర్ర వ్యానులో ఇంటింటికీ ఉత్తరాలు పంచేదీ అదే. ఫిడేలు మా ఆయన రానల్డ్.

రానల్డ్ ఫెర్రీ మీద పని చేస్తాడు. ఓడ రేవుకి చేరగానే తాళ్లు విసరడం, కార్లని వరసలో దించడం. నోట్లో నాలుక లేని మనిషి. మూడు ప్రశ్నలడిగితే ఒకదానికి జవాబిస్తాడు, అదీ మర్నాడు. ఊయిస్ట్ దీవి నుంచి ఉద్యోగం కోసం ఇటు వచ్చాడు. వచ్చిన ఏడాదే సంకలో ఫిడేలు పెట్టుకుని మా రిహార్సలుకి వచ్చి, బ్యాండులో చేర్చుకోమని మా నాన్నని అడిగాడు. అబ్బ, ఆ వాయింపు! గదిలో పిల్లిని పెట్టి తలుపేసినట్టు ఉండేది. మా నాన్న చెవుల్లో దూది పెట్టుకునేవాడు. నేను నానా మాటలూ అనేదాన్ని. అతను తల దించుకుని విని, మళ్లీ గురువారం టంచనుగా వచ్చేవాడు. ఒక్క రిహార్సలు మానలేదు. సంగీతమంటే ఇంత ప్రాణం పెట్టేవాడు ఇంకెక్కడ దొరుకుతాడు అనుకున్నాను. పెళ్లాడాను. వాయించగా వాయించగా మంచి ఫిడేలు వాద్యగాడయ్యాడు. తిట్టి బాగుచేసింది నేనేనని పదిమందిలో చెప్పుకుంటాను. అతను కాదనడు.

మా అమ్మాయి రోనా ఇన్వర్‌నెస్‌లో నర్సు. పడవ ఇంజన్లు బాగుచేసే కుర్రాడితో జూన్‌లో పెళ్లి కుదిరింది. కుదిరిన రోజే నేను ఏ డాన్సుకి ఏ పాట వాయించాలో మనసులో కూర్చేసుకున్నాను. ఓ ఆదివారం మధ్యాహ్నం సూపు తాగుతూ ఆ పాటలు చెప్పడం మొదలుపెట్టాను. రోనా చెంచా పక్కన పెట్టి, లోపలికి వెళ్లి మా పెళ్లి ఆల్బం తెచ్చి నా ముందు పెట్టింది. నువ్వూ నాన్నా పక్కపక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటి చూపించమంది. నేను తిరగేశాను. చర్చి గుమ్మంలో ఒకటి ఉందనుకున్నాను, అందులో మా ఇద్దరి మధ్యా మా నాన్న ఉన్నాడు. మిగతావన్నీ స్టేజి మీదివే. ఆ కుర్చీలో నేను, ఈ కుర్చీలో రానల్డ్, ఒళ్లో వాయిద్యాలు.

"అమ్మా, నా పెళ్లికి మీరిద్దరూ వాయించరు," అంది రోనా. "కిందికి దిగి డాన్సు చేస్తారు. వరసల ఆట డాన్సులో నా పక్క జంట మీరే."

మరి వాయించేదెవరని అడిగాను. లాకీని అడుగుదామంది. నా చేతిలో చెంచా సూపులో పడింది. నా కూతురి పెళ్లికి, నా హాల్లో, నా స్టేజి మీద లాకీ కూర్చోవడమా? కడుపు మండిపోయింది. ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. రోనా నా కూతురే కదా, తగ్గలేదు, గొంతు పెంచకుండానే చెప్పింది. లాకీ వద్దంటే బ్యాండే వద్దట, ల్యాప్‌టాప్‌లో పాటలు పెట్టుకుంటారట. మా హాల్లో బ్యాండు లేని పెళ్లి! నేను రానల్డ్ వైపు తిరిగాను, నువ్వయినా చెప్పు అన్నట్టు. అతను రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. దాని పెళ్లి కదా, అని లేచి కోళ్లకి గింజలు వేయడానికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి లాకీ కాదు. నాకు డాన్సు రాదు.

నవ్వండి, నవ్వుతారనే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పదేళ్లప్పుడు మా నాన్న నా ఒళ్లో అకార్డియన్ పెట్టాడు. ఆ తర్వాత డాన్సు మొదలైన ప్రతిసారీ నేను స్టేజి మీదే ఉన్నాను. ఏ డాన్సులో ఎవరెటు తిరగాలో, ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఎక్కడ చేతులు మారాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా కాళ్లు మాత్రం ఒక్కసారీ చేసి ఎరగవు. మైకులోంచి జనాన్ని మందలించడం నాకు అలవాటు. కుడి చెయ్యెదో తెలియదా ఆర్చీ, ఆ చేత్తోనే కదా విస్కీ తాగుతావు, అని అందరి ముందూ అనేస్తాను. అలా అనిపించుకోనివాడు ఈ పాయకి అటూ ఇటూ ఎవడూ మిగల్లేదు. వాళ్లంతా ఆ పెళ్లికి వస్తారు. ఒక్క తప్పడుగు వేశానంటే నా పరువు రేవు దాకా కొట్టుకుపోతుంది. పోనీ దిగనంటే? రోనా అడగక అడగక ఒక్కటి అడిగింది. దాన్ని కాదని ఆ రోజు ఏ మొహంతో స్టేజి ఎక్కుతాను?

దిగాలనే నిశ్చయించుకున్నాను. నేర్చుకుంటే రానిదేముంది? నా బెంగల్లా రానల్డ్ గురించే. నాకైతే పాట తెలుసు, లెక్క తెలుసు, ఎలాగో నెట్టుకొస్తాను. ఈ మనిషి దుంగలా నిలబడితే ఏం చేయను? సరే, నేను బాగా నేర్చుకుని ఇతన్ని కూడా లాక్కుపోవాలి, బస్సు పాడైతే ట్రాక్టరు లాక్కుపోయినట్టు, అనుకున్నాను.

ముందు లాకీ దగ్గరికి వెళ్లాలి. బస్సు ట్రిప్పు అయ్యాక పాయ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. లాకీ గొర్రెల డొక్కలకి రంగు గుర్తులు వేస్తున్నాడు. నన్ను చూసి డబ్బా కింద పెట్టాడు.

"ఏమ్మా డోలీనా, దారి తప్పావా, లేక నీ అకార్డియన్ మూగబోయిందా?"

విషయం చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. రోనా పెళ్లికి వాయించడం తనకి గౌరవమన్నాడు. అదే నాకు ఇంకా చిరాకెత్తించింది. నువ్వు మరీ వేగంగా వాయిస్తావు, జనం కాళ్లు విరగ్గొడతావు, ఆ రోజు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించు అన్నాను. తన వేగం తనదన్నాడు, చేతకానివాళ్లు కుర్చీల్లో కూర్చోవచ్చన్నాడు. వరసల ఆట ఎంత కష్టమో వాడికీ తెలుసు. రెండు పొడుగాటి వరసలు, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. జోడీతో కుడి చెయ్యి పట్టి ఒక చుట్టు, అవతలి వరసలో ఒకరితో ఎడమ చెయ్యి పట్టి ఒక చుట్టు, మళ్లీ జోడీ, మళ్లీ ఇంకొకరు, అలా వరస చివరి దాకా గిరగిరా తిరుగుతూ దిగాలి. పాట పరిగెడుతుంటే చెయ్యి మారడం ఆలస్యమైందా, గోడకి తగులుతావు.

నాకు నేర్పింది బెల్లా. ఉత్తరాలు పంచడం అయ్యాక మధ్యాహ్నాలు హాలు తాళం తీసి, టేపులో మా పాటే పెట్టి, ఇద్దరం తిరిగేవాళ్లం. కాళ్లు రెండు రోజుల్లో దారికొచ్చాయి. చెయ్యే రాలేదు. పాటలో ఒక్కో చరణం ముగిసే చోట నా ఎడమ చెయ్యి తనంతట తాను బయటికి లాగేది. అకార్డియన్ తిత్తి లాగి లాగి నలభై ఏళ్ల అలవాటు, ఏం చేయను? బెల్లా ఆ చేతికి వేలాడుతూ కుర్చీల మీదికి వెళ్లేది.

"అక్కా, నేను మనిషినే, నీ తిత్తిని కాదు," అంది మూడో రోజు భుజం రుద్దుకుంటూ. "నాకీ చెయ్యి కావాలి, రేపు ఉత్తరాలు పంచాలి."

ఆ చేతిని జేబులో పెట్టుకుని ఆడాను. నడుముకి స్కార్ఫుతో కట్టుకుని ఆడాను. విప్పగానే మళ్లీ అదే తంతు. పాట మారే చోట బ్యాండుకి చేసినట్టు తల ఎగరేసి సైగ చేయడం ఇంకో రోగం. ఎవరికి చేస్తున్నావని బెల్లా అడిగేది. పెళ్లి దగ్గరపడేసరికి సగం దారికి వచ్చింది, సగం రాలేదు. ఒక సాయంత్రం వంటింట్లో రానల్డ్‌తో, మనమిద్దరం కాస్త ప్రాక్టీసు చేద్దామా, నువ్వసలు ఎప్పుడూ దిగినవాడివి కాదు అన్నాను. అతను కప్పు కడిగి బోర్లించి, చూద్దాంలే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ నేను భుజాలు విరగ్గొట్టుకుంటుంటే ఈ పెద్దమనిషి చూద్దాంలే అంటాడు!

పెళ్లి రోజు ఎండ కాసింది. ముందు రోజు ఫెర్రీలో ఊయిస్ట్ నుంచి రానల్డ్ అక్క ఫ్లోరా దిగింది. మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి దీవి దాటని మనిషి. చర్చి అయింది, హాల్లో భోజనాలు మొదలయ్యాయి. ఫ్లోరా నా పక్కనే కూర్చుని మాంసం ముక్కలు కోసుకుంటూ, రానల్డ్ ఇవాళ నిజంగానే డాన్సు చేస్తాడా అని అడిగింది. చేస్తాడన్నాను. అది చూడ్డానికే ఇంత దూరం వచ్చానంది. సొంత తమ్ముడు తూలిపడితే నవ్వుకోవడానికి సముద్రం దాటి వచ్చిందా ఈ మనిషి, అనుకుని నా పళ్లెం కాస్త పక్కకి జరుపుకున్నాను.

బల్లలు గోడవారకి జరిపారు. లాకీ నా కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఒక్కరోజుకి వాడి బ్యాండులో వాయించడానికి ఒప్పుకున్న బెల్లా, వాడి వెనక డ్రమ్స్ సర్దుకుంటూ నాకు కన్ను గీటింది. హాలు చుట్టూ జంటలు నడిచే మొదటి డాన్సు గడిచిపోయింది, అది చంటిపిల్లలు కూడా చేస్తారు. తర్వాత లాకీ వరసల ఆట అన్నాడు. రోనా వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది. హాలంతా మెడలు తిప్పి చూసింది. తర్వాత గుసగుసలు. ఆర్చీ అయితే కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. స్టేజి మీద ఎన్ని వందలసార్లు కూర్చున్నానో, ఏనాడూ అంత భయపడలేదు. వెళ్లి వరసలో నిలబడ్డాను.

రానల్డ్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. నాకెదురుగా వచ్చి నిలబడ్డాడు. లాకీ మొదటి శ్రుతి వేయగానే నా ఎడమ చెయ్యి బయటికి లాగింది. రానల్డ్ అందుకుని మెల్లగా దించాడు.

"వదిలెయ్," అన్నాడు. "నేనున్నాగా."

పాట ఎత్తుకుంది. ఏం చెప్పను! నేను పెళ్లాడిన మనిషి కాదు ఇతను. ఆ కాళ్లు నేలని తాకుతున్నాయా లేదా అన్నట్టు ఉన్నాయి. నడుము నిటారుగా, తల ఎత్తి, మోకాళ్ల దాకా కట్టిన గళ్ల కిల్టు అంచు ఒక్క తీరున ఊగుతూ, లాకీ వేగం తనకి ఓ లెక్కా అన్నట్టు తిరుగుతున్నాడు. నన్ను ఒక చుట్టు తిప్పి అవతలి మనిషి చేతికి అందించాడు. నేను తడబడి తిరిగి వచ్చేసరికి అతని కుడి చెయ్యి నా ముందే ఉంది. మళ్లీ ఇంకొకరు, మళ్లీ ఆ చెయ్యి. ఓ చోట నేను తప్పు చెయ్యి పట్టుకుని పాస్టరుగారిని ఎటో తీసుకుపోయాను. అయినా వెనక్కి తిరిగితే ఆ చెయ్యి అక్కడే ఉంది. ఎదురు చూడనక్కర్లేదు, సైగ చేయనక్కర్లేదు, లెక్క పెట్టనక్కర్లేదు. సగం వరస దిగేసరికి నా ఎడమ చెయ్యి గురించి మర్చేపోయాను. రానల్డ్ గొంతెత్తి ఓ కేక వేశాడు, ఊయిస్ట్‌వాళ్లు డాన్సులో వేసే కేక. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ గొంతు నేను వినలేదు. హాలంతా చప్పట్లు. ఆర్చీ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

పాట ఆగాక నాకు ఊపిరి అందలేదు. గాలి కోసం గుమ్మం దగ్గరికి వెళ్లాం. ఫ్లోరా కర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ. దీవిలో ఈ రానల్డ్ హాల్లోకి అడుగుపెడితే అమ్మాయిలు గోడవార లైను కట్టేవాళ్లని చెప్పింది. మూడు దీవుల పోటీలో బహుమతి తెచ్చినవాడట. ఉద్యోగానికని ఇటు వచ్చాడట, తొలి చలికాలం సెలవులకి వీపున ఫిడేలుతో ఇంటికెళ్లాడట. ఆ తర్వాత డాన్సుకి ఎవరు పిలిచినా లేవలేదట. వాడికేదో జబ్బు చేసిందని వాళ్లమ్మ డాక్టరుకి కూడా చూపించిందట.

నేను రానల్డ్ వైపు తిరిగాను. అతను రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఇన్నేళ్లలో నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదేముంది?" అన్నాడు. ఇక ఊరుకుంటాడనుకున్నాను, ఊరుకోలేదు. "మొదటిసారి మీ హాలుకి వచ్చినప్పుడు నీతో ఒక్క డాన్సు చేద్దామని చివరిదాకా నిలబడ్డాను. నువ్వు దిగలేదు. తర్వాతి వారం కూడా దిగలేదు. మీ అమ్మాయి కిందికి ఎప్పుడు దిగుతుందని మీ నాన్నని అడిగాను. అది దిగదు బాబూ అన్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది. నేనే ఎక్కాను."

ఆ పిల్లి గోల, ఆ గురువారాలు, తల దించుకుని నా తిట్లు వినడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. అదంతా సంగీతం మీద ప్రేమనుకున్నాను. అయితే ఫిడేలంటే నీకు ఇష్టమే లేదా అని అడిగాను. ఇప్పుడు ఇష్టమేనన్నాడు. మొదట్లో మాత్రం నా పక్క కుర్చీ ఖాళీగా ఉందని నేర్చుకున్నాడట. నాకు ఏడుపు తేలిగ్గా రాదు. అప్పుడు వచ్చింది, ముక్కు చీదుకోవడానికి ఫ్లోరా రుమాలు తీసుకోవాల్సి వచ్చింది.

అంతలో స్టేజి మీంచి లాకీ మైకులో నా పేరు పిలిచాడు. వాయిస్తానన్న మాట నిలబెట్టుకున్నానని, తర్వాతి డాన్సుకి డోలీనా వాయిస్తేనే బాగుంటుందని, ఆమె అకార్డియన్ బయట వ్యానులోనే ఉందని తనకి తెలుసని అన్నాడు. నిజమే, ఉంది, తీసుకురాకుండా ఉండలేకపోయాను. జనం చప్పట్లు కొడుతూ నా పేరు అందుకున్నారు. అంతే, నా భుజాలకి పట్టీల బరువు తెలిసింది, వేళ్లు జివ్వుమన్నాయి. ఏ పాటతో మొదలుపెట్టాలో కూడా తోచేసింది. రెండడుగులు వేశాను.

పక్కన రానల్డ్ ఏం చేస్తున్నాడో అప్పుడు చూశాను. మొహం చిన్నబుచ్చుకోలేదు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించి, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుంటున్నాడు. నాతోపాటు ఎక్కి కూర్చోవడానికి, ఎప్పట్లాగే. ప్రతి శనివారం ఇలాగే చేశాడు కదా, ఇన్నేళ్లూ, నేను చూడనైనా చూడకుండా.

నేను వెనక్కి వచ్చి ఆ గుండీ విప్పాను. అతను నా మొహంలోకి చూశాడు. నేను స్టేజి వైపు తిరిగాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

"లాకీ, ఇవాళ నేను ఎక్కను. ఇందాకటిదే మళ్లీ వాయించు."

"మళ్లీ అదేనా? జనం అలిసిపోయారు డోలీనా."

"అలిసినవాళ్లు కూర్చుంటారు. నువ్వు కాస్త నెమ్మదిగా వాయించు. మా ఆయన నా కోసం ముప్ఫై ఏళ్లుగా నిలబడి ఉన్నాడు."

లాకీ శ్రుతి వేశాడు.